గోపాలకృష్ణయ్యగారి అణాలూ కాణీలూ

యుద్ధం సాగుతున్న 1943లో గురజాల బజారుకు బియ్యంకన్నా చిల్లర కరువు ఎక్కువైంది. అలాంటి రోజుల్లో ఒక ఉదయం ప్లీడరు గుమాస్తా గోపాలకృష్ణయ్య, ఒక్కో రాజు బొమ్మదీ, ఒక్కో ఏడాది ముద్రదీ ఒకటి చొప్పున ఏళ్లతరబడి కూడబెట్టిన నాణేలను చింతపండుతో తోమి వాకిట్లో మంచం మీద ఆరబెట్టాడు. మధ్యాహ్నానికి మళ్లీ డబ్బాలో సర్దాలని ఆయన ఉద్దేశం.

పక్కింటి లింగమ్మ గోడ మీదుగా తొంగిచూసింది.

"అబ్బో, చానా చిల్లరుందే! ఈ రూపాయి నోటు మార్చి పెట్టన్నా."

"ఇవి మార్చేవి కాదమ్మా, దాచుకునేవి."

ఆ మాట వీధి మలుపు తిరిగేసరికి గుమాస్తాగారు బస్తాలకొద్దీ చిల్లర దాచాడని అయింది. బజారుకు చేరేసరికి సర్కారే ఆయన ఇంట్లో చిల్లర డిపో పెట్టిందని అయింది. గంట తిరక్కుండా నోట్లు పట్టుకున్న జనం గుమ్మం ముందు వరస కట్టారు. వరస వెనకే కానిస్టేబులూ వచ్చాడు.

"ప్లీడరు గుమాస్తా అయ్యుండి, చిల్లర దాస్తే జైలని తెలవదా ఏందండీ?"

గోపాలకృష్ణయ్య మంచం అంచున కూర్చుని నాణేలకు చేతులడ్డం పెట్టాడు. ఆయన భార్య కుసుమ తలుపు చాటునుంచి అడ్డుపడింది.

"దాచిన చిల్లర కాదు నాయనా! అవసలు చెల్లేవే కాదు."

"చెల్లవా? అయితే దొంగ నాణేలా!" కానిస్టేబులు మొహం విప్పారింది. దొంగ నాణేలు పట్టుకుంటే ప్రమోషను ఖాయం.

"మంచివేనయ్యా! కావాలంటే పరీక్ష చేయించు," అని గోపాలకృష్ణయ్య మొత్తుకున్నాడు.

ఎదురు కొట్టు అబ్దుల్ గఫార్‌ను పిలిపించారు. ఆయన ఒక్కొక్క నాణేన్నీ అరుగు రాతి మీద మోగించి, "చెల్లుద్ది," అంటూ పక్కన పెట్టసాగాడు. పెట్టినవాటిని లింగమ్మ మొదలుకొని వరసలోవాళ్లంతా ఏరుకుని, బదులు నోట్లు గోపాలకృష్ణయ్య ఒళ్లో పడేశారు.

"అమ్మా, ఆ విక్టోరియా కాణీ వదులు! మళ్లీ దొరకదు!"

"మంచిదైతే మార్చడానికేంది?" అన్నాడు కానిస్టేబులు. "మార్చనంటే దాచినట్టే."

చివరికి మంచం మీద చార్మినారు బొమ్మ ఉన్న నైజాం రూపాయి ఒక్కటే మిగిలింది.

"ఇది ఏటి అవతల నైజాంలో చెల్లుద్ది గుమాస్తాగారూ. నాకొద్దు," అన్నాడు గఫార్. కానిస్టేబులు దాన్ని తిప్పి చూసి, "మన సర్కారుది కాదు, మన కేసూ కాదు," అని నిరాశగా వెళ్లిపోయాడు.

"పోనీండి, గండం గడిచింది," అంది కుసుమ.

గోపాలకృష్ణయ్య ఆ ఒక్క నాణేన్నీ డబ్బాలో పెట్టుకున్నాడు. దాన్ని దాచుకోవడానికి ఏ చట్టమూ అడ్డు రాలేదు.