గొంతుంటే చాలు, ట్యూషన్ మాస్టారే!

ట్యూషన్ చెప్పడానికి చదువు కావాలని ఎవరన్నారండీ? పద్దెనిమిదేళ్లుగా ఇళ్లకి వెళ్లి లెక్కలు చెబుతున్నాను. నా డిగ్రీ సర్టిఫికెట్ చూపించమన్న తల్లి ఇంతవరకూ ఒక్కరూ లేరు. పాఠం మాత్రం వంటింట్లోకి వినిపించాలి!

అందుకే ఈ వృత్తిలోకి రావాలని ఉబలాటపడే యువతరానికి నా అనుభవసారం అందిస్తున్నాను. మొదటి అర్హత గొంతు. మిక్సీ తిరుగుతున్నా, కుక్కర్ కూతపెట్టినా, టీవీలో అత్తాకోడళ్లు అరుచుకుంటున్నా, వాటన్నిటి మీదుగా మన "ఏ స్క్వేర్ ప్లస్ టూ ఏబీ" వినబడాలి.

రెండోది తల. లోపల ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు, ఊగితే చాలు. "మా పిల్లకి తెలివి ఉంది సార్, శ్రద్ధే లేదు" అని ప్రతి తల్లీ అంటుంది. ఊపాలి. "శ్రద్ధ ఉంది, తెలివే లేదు" అన్న మహాతల్లిని నేనింకా చూడలేదు.

ఇక బాధ్యతలంటారా? ఒక్కటే. గదిలోకి నిశ్శబ్దాన్ని రానివ్వకూడదు! ఈ పిల్లలకి ఒక దురలవాటుంది. లెక్క ఇవ్వగానే ఆలోచించడం మొదలుపెడతారు. ఆలోచనకి చప్పుడుండదు కదా! బయటున్నవాళ్లు నేను కునుకు తీస్తున్నాననుకుంటారు. ఒకటి రెండుసార్లు తీసిన మాట నిజమే, కాదనను.

కాబట్టి పిల్ల పెన్సిల్ కొరుకుతూ పైకప్పు వంక చూసిందో, తర్వాతి స్టెప్పు మనమే అందుకోవాలి. అదీ తలుపు వైపు తిరిగి, రెండుసార్లు. ఇప్పుడు తొమ్మిదో తరగతిలో ఉన్న ఒకమ్మాయికి మూడేళ్లుగా ఇలాగే చెప్పాను. లెక్కలు నేను చేసేవాణ్ణి, ఆమె రాసుకునేది. పరీక్షలో ముప్పై దాటేది కాదు. "సార్ గొంతు చించుకుంటున్నారు, నీకేం రోగమే?" అని వాళ్లమ్మ ఆ పిల్లనే తిట్టేది. గట్టిగా చెప్పడంలో ఎంత సుఖముందో చూశారా!

మొన్న జలుబు చేసి నా గొంతు పూర్తిగా పోయింది. మానేస్తే బాగుండదని ఆ అమ్మాయి ఇంటికి వెళ్లాను. పుస్తకంలో ఒక లెక్క వేలితో చూపించి కూర్చున్నాను. అమ్మాయి పైకప్పు చూసింది. నోరు తెరిచాను, గాలి తప్ప ఏమీ రాలేదు. ఆమె రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది. పన్నెండు నిమిషాలు పట్టింది. నాకు వేరే పని లేదు, గడియారం చూస్తూనే ఉన్నాను.

లెక్క సరిగ్గా వచ్చింది. అదీ నేను చెప్పే దారిలో కాదు, అంతకంటే దగ్గరి దారిలో!

"సార్, రేపు కూడా మీ గొంతు ఇలాగే ఉంటే బాగుంటుంది సార్" అంది, నోట్‌బుక్ నా ముందుకు జరుపుతూ.

ఎగతాళి కాదు, పాపం నిజంగానే అడిగింది. మూడేళ్లుగా ఆ పిల్ల చదువుకి అడ్డుగా కూర్చున్నది నేనేనని అప్పుడర్థమైంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

మర్నాడు వాళ్లమ్మ ఫోన్ చేసింది. "ఏమనుకోకండి సార్. నిన్న గంటసేపూ గదిలోంచి ఒక్క మాట వినపడలేదు. ఇలాగైతే పిల్ల వెనకబడిపోతుందండీ. వేరే సార్‌ని మాట్లాడుకున్నాం. ఆయన చెబుతుంటే వీధిలోకి వినిపిస్తుందట."

జవాబు చెబుదామంటే నాకింకా మాట రావడం లేదు. ఆవిడ రెండుసార్లు హలో అని పెట్టేసింది. ఉండబట్టలేక మెసేజ్ పెట్టాను: "నిన్నటి లెక్క అమ్మాయే సొంతంగా చేసిందండీ."

క్షణంలో జవాబొచ్చింది: "అదే కదా సార్, మేమూ అంటున్నది!"