రెండొందల వైరు

ఆదివారం పదకొండింటికి కూతురి వాలీబాల్ ఫైనల్ టీవీలో వస్తుంది. కళ్ళద్దాల దుకాణం నడిపే ఆ తండ్రికి ఆ రోజు మరో పని లేదు. కాఫీ తాగి, గడ్డం గీసుకుని, పదిన్నరకల్లా సోఫాలో స్థిరపడాలని పథకం. తీరా ఎనిమిదింటికి టీవీ పెడితే బొమ్మ ఆరి వెలుగుతోంది, వెలిగి ఆరుతోంది.

"సెట్‌టాప్ బాక్సు నుంచి వచ్చే వైరు పాడైనట్టుందండీ. కొత్తది పట్రండి, పావుగంట పని" అంది భార్య.

టీవీ సామాన్ల దుకాణంలో సేల్స్‌మన్ రెండు వైర్లు తీసి ముందు పెట్టాడు. ఒకటి రెండొందలు, ఇంకోటి నాలుగు వేలు.

"రెండింటికీ తేడా ఏంటి?"

"మామూలు కళ్ళకి ఏం తెలీదు సార్. చూపున్నవాళ్ళకే తెలుస్తుంది. కొసలకి బంగారం పూత."

ముప్ఫై ఏళ్ళుగా ఇదే గొంతుతో అద్దాలకి పూతలు అమ్ముతున్న మనిషి, తన మాట తనకే ఎదురొస్తే గుర్తుపట్టలేకపోయాడు. చూపు లేనివాడనిపించుకోవడం ఇష్టంలేక నాలుగు వేలూ ఇచ్చేశాడు.

ఇంటికొచ్చాక భార్య "ఎంతండీ?" అనడిగింది. "నాలుగు వేలు" అందామనే నోరు తెరిచాడు. ఆవిడ ముఖం చూశాక నోటికి వేరే అంకె వచ్చింది.

"రెండొందలు."

"ఫరవాలేదే!" అని ఆవిడ పొట్లం అందుకుంది. ఆయన బతుకుజీవుడా అనుకుంటూ స్నానానికి వెళ్ళాడు.

తల తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి టీవీలో బొమ్మ నిలకడగా, కడిగిన ముత్యంలా ఉంది. ఆయన ఒళ్ళు పులకరించింది.

"చూశావా! ఆ పచ్చదనం చూడు! వైరంటే అదీ!"

భార్య ఏదో చెప్పబోయి, ఆయన సంబరం చూసి ఊరుకుంది. "మేడమీద హెడ్మాస్టారు కూడా ఇందాకే రెండొందల వైరు పెట్టుకున్నారండీ" అని మాత్రం అంది. తర్వాత ఇంకో మాట చెప్పింది. "అక్కయ్యకి ఫోన్‌లో చెప్పాను. రెండొందలేనా అని మూడు తెమ్మంది. అచ్చం అదే రకం కావాలిట."

మూడు నాలుగులు పన్నెండు. వేలు! ఆయన తువ్వాలు భుజానే ఉండిపోయింది.

కాసేపు ఆలోచిస్తే ఒక దారి తోచింది. హెడ్మాస్టారిది ఎలాగూ చవక వైరే. దాని బొమ్మ కాస్త ఓర్చుకునేలా ఉంటే, వదినగారికి ఆ రకమే అంటగట్టొచ్చు. అలాగే మెట్లెక్కాడు.

"మాస్టారూ, కొత్త వైరు ఎలా ఉంది?"

రిటైరైన హెడ్మాస్టారు పెదవి విరిచాడు. "ఏదో ఉందయ్యా. రెండొందలకి ఇంతకంటే ఏమొస్తుంది?"

ఆయనకి ఆ మాట వీనులవిందుగా వినిపించింది. అయితే తెర చూస్తే మాత్రం ఏదీ తేల్లేదు. అదే పచ్చ, అదే నీలం. కిందికి పరిగెత్తి తన టీవీ చూశాడు. మళ్ళీ పైకి వచ్చాడు. మళ్ళీ కిందికి. ఎక్కడ తేడా ఉందో ఎంత వెతికినా దొరకలేదు. మరి ఆ నాలుగు వేలు ఎటు పోయినట్టు?

నాలుగోసారి పైకి వచ్చి, తెరకి ముక్కు ఆనించి అడిగాడు. "మాస్టారూ, ఆ చొక్కా తెల్లగా ఉందంటారా, కొంచెం మాసినట్టుందంటారా? నాకేం తెలీడంలేదు."

హెడ్మాస్టారు ఆయన్ని జాలిగా చూశాడు. ఆయన అటు దిగగానే ఫోన్ తీశాడు. "అమ్మాయ్, కంగారు పడకు. మీ ఆయనకి చూపు మందగించింది. తెల్ల చొక్కా తెల్లగా కనబడటంలేదు పాపం."

పదకొండయ్యేసరికి ఆ కబురు విని వదినగారూ తోడల్లుడూ కారేసుకుని వచ్చేశారు. టీవీలో కూతురు సర్వీసు చేస్తోంది. ఎవరూ అటు చూడటంలేదు. తోడల్లుడు ఆయన ముఖానికి అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"ఇవి ఎన్ని వేళ్ళు తమ్ముడూ?"

"మూడు! చెయ్యి తియ్యి, అమ్మాయి కొడుతోంది!"

"ఊహించి చెబుతున్నాడు" అంది వదినగారు.

భార్య కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఎన్నాళ్ళనుంచండీ ఇది? నాకొక్క మాట చెప్పకూడదా? ఊరంతటికీ చూపు పరీక్ష చేసే మనిషికే చూపు లేదంటే రేపు దుకాణం మెట్టెక్కేదెవరు?"

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. గుడ్డివాడన్న పేరుకన్నా వెర్రివాడన్న పేరే నయం.

"నా కళ్ళకేం కాలేదే! ఆ వైరు రెండొందలు కాదు, కొసలకి బంగారం పూత ఉన్నది, నాలుగు వేలు. తేడా కనిపిస్తుందేమోనని వెతుక్కుంటున్నాను, అంతే!"

భార్య ఏడుపు చటుక్కున ఆగిపోయింది.

"నాలుగు వేలా! అయ్యో, దాన్ని రెండొందలకి హెడ్మాస్టారికి ఇచ్చేశానే!"

"ఇచ్చేశావా? మరి మన టీవీకున్నది?"

"పాతదేనండీ. వదులైంది, గట్టిగా నొక్కితే సరిపోయింది. మీరు అంత మురిసిపోతుంటే చెప్పబుద్ధి కాలేదు."

సరిగ్గా అప్పుడే హెడ్మాస్టారు వైరు చుట్ట చుట్టి పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. "ఇది నాకొద్దమ్మా. బొమ్మ మరీ నాసిగా ఉంది. నా రెండొందలు నాకిచ్చెయ్."

ఆయన వైరు అందుకోబోతూ ఆత్రంగా చెయ్యి చాచాడు. వదినగారు ఆగలేకపోయింది. "నాసేమిటండీ మాస్టారూ, అది నాలుగు వేల వైరు! కొసలకి బంగారం పూత!"

హెడ్మాస్టారు కళ్ళజోడు సర్దుకుని చేతిలో కొసని తిప్పి చూశాడు. "అలాగా! నేనే సరిగ్గా పెట్టలేదేమో" అంటూ వైరుతో సహా వెనక్కి తిరిగి చకచకా మెట్లెక్కేశాడు.

రెండు నిమిషాలకి పైనుంచి కేక వినిపించింది. "అద్భుతంగా ఉందయ్యా! చొక్కాలన్నీ మల్లెపువ్వుల్లా కనిపిస్తున్నాయి!"

రెండొందలు వెనక్కిమ్మనే సంగతి హెడ్మాస్టారు మళ్ళీ ఎత్తలేదు.