మధ్య ఫోటో

1986 మార్చి పదకొండున మా బడి బావిలో నీళ్లు పోయాయి. పొద్దున నిండుగా ఉన్న బావి మధ్యాహ్నం బెల్లుకు అడుగు చూపించింది. గట్టు పక్కన, పిల్లలు నడిచే దారిలో, సున్నపురాయిలో ఒక రంధ్రం తెరుచుకుంది.

రాయిలో రంధ్రం ఉన్నదీ లేనిదీ తేల్చే అధికారం చూసినవాడికి ఉండదు. (ఈ సంగతి తెలియక ముందు దాని చుట్టూ ముళ్లకంప వేయబోయాం.) ఆ అధికారం నరసరావుపేటలోని శిలారంధ్ర సమన్వయ కార్యాలయానిది. వారు తేల్చేదాకా కంప వేయటం సాక్ష్యం చెరపటమవుతుంది.

అక్కడి అధికారి త్రికోటేశ్వరరావు గారు ఓపికగా చెప్పారు.

"మూడు ఫోటోలు కావాల మాస్టారూ. విమానంలోంచి తీసింది మా దగ్గరుంది. మైక్రోస్కోపుది మేం తీయిస్తాం. కంటికి కనపడేంతది, ఆ మధ్యది మీరు తేవాల. మూడూ కలిపితే రాయి లోపల ఏ సందు ఏ సందులో కలుస్తదో నమూనా వస్తది. పక్కన కొలతకి మనిషిని నిలబెట్టండి."

గురజాల నుంచి స్టూడియో జానీ వచ్చాడు. కొలతకి నా భార్య కుసుమ నిలబడింది.

"నవ్వమాక వదినా, గవర్నమెంటు ఫోటో."

"తొందరగా తియ్యవయ్యా. ఈ ఎండకి నేనే రాయినయ్యేట్టున్నా."

ఫోటోలో ఆమె నవ్వుతూనే ఉంది.

ఏప్రిల్ రెండున రంధ్రం అంచు విరిగింది. కుసుమ అప్పుడు ఆ దారినే నాకు క్యారియరు తెస్తోంది. అంతకు మించిన వివరాలు కార్యాలయం వారి దరఖాస్తులో అడగలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు ఫోటో తీసుకెళ్లాను. త్రికోటేశ్వరరావు గారు భూతద్దంతో చూశారు.

"చానా బాగా వచ్చింది. ఈమె ఎత్తెంత?"

"ఐదడుగుల ఒక అంగుళం."

"మీరు చెప్తే ఎట్టా? మేం కొలవాల. ఆమె ఎత్తు తేలకుండా రంధ్రం ఎంతో ఎట్టా తేలుద్ది? ఒకసారి తీసుకురండి."

"రాదండీ."

"ఏంది, ఊళ్లో లేరా?"

"లేదు."

"అయితే వచ్చినాకే తీసుకురండి. తొందరేం లేదు."

ఈలోగా పని ఆగకూడదని ఉన్న రెండు ఫోటోలే కలిపారు. విమానం ఫోటోలో మా ఊరు ఆవగింజంత, రంధ్రం కనపడదు. మైక్రోస్కోపు ఫోటోలో వెంట్రుక దూరని సందులే తప్ప మరేమీ లేవు. రెండింటినీ పోస్టుకార్డు సైజులో ప్రింటు తీసి (సమానత్వం కోసం), చూసి, సున్నంతో నమూనా పోతపోశారు. త్రికోటేశ్వరరావు గారు నా ముందే దానిమీద గ్లాసుడు నీళ్లు పోశారు. చుక్క కిందికి దిగలేదు.

"చూశారుగా," అన్నారు.

జూన్‌లో ఉత్తర్వు వచ్చింది. మైలు కంటే పెద్ద రంధ్రాలు: లేవు. వెంట్రుక కంటే చిన్నవి: ఉన్నవి, ప్రమాదం లేదు. మనిషి పట్టేవాటికి గడి లేదు. కనుక బావి నిండుగా ఉన్నట్టు భావించాలి. లేని రంధ్రం చుట్టూ కంప వేస్తే బాటను ఆక్రమించినట్టవుతుంది.

ఉత్తర్వును బడి గోడకు అంటించాను. నూట ఎనభై మంది పిల్లలు ఆ దారినే వస్తారు. నేను పొద్దున, సాయంత్రం రంధ్రం పక్కన నిలబడుతున్నాను, కొలతకి.

ఫోటో నా దగ్గరే ఉంది. కంప ఇంకా వేయలేదు.