లోడరు వెనకాల జగ్గెడు నీళ్ళు

ఆ రోజు పొద్దున నెజ్మి ఉస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి మట్టి ఎత్తే లోడరును యార్డు నుంచి సాగనంపడం, పొయ్యి పక్కన కూర్చుని చక్కెర ముక్క పళ్ళ మధ్య పెట్టుకుని మూడు గ్లాసుల టీ తాగడం, మధ్యాహ్నానికల్లా, కొండచరియ పడి మూసుకుపోయిన కొండమీది ఊరి దారి తెరుచుకుందన్న కబురు వినడం. సారికమిష్ ఊళ్ళో ముప్పై ఏళ్ళుగా యంత్రాలు బాగుచేస్తూ, ఉస్తా అంటే పెద్ద మేస్త్రీ అని అందరిచేతా పిలిపించుకుంటున్న మనిషికి ఈమాత్రం సుఖం కోరుకునే హక్కు ఉంది. కానీ మొదటి గ్లాసు దగ్గరే యార్డు యజమాని తురాన్ ఒక కాగితం పట్టుకుని వచ్చాడు.

"ఉస్తా, ఎర్జురుమ్ నగరం సర్వీసువాళ్ళ మరమ్మతుల ఒప్పందం. సంతకం పెట్టేద్దామనుకుంటున్నా. ఈ కొత్త బళ్ళకి యూరియా పంపులనీ సెన్సార్లనీ ఉంటాయి కదా, వాళ్ళయితే కంప్యూటర్ తగిలించి చూస్తారు."

"నా చెవులేం పాపం చేశాయి తురాన్ బాబూ? పోయిన వారమే ఆ పంపు విప్పి, కడిగి, బిగించా. ఈ బండి గనక దారిలో ఆగితే నా పానా మేకుకి తగిలించి ఇంటికెళ్ళిపోతా."

తురాన్ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు గానీ చింపెయ్యలేదు. అది నెజ్మి గమనించాడు. యాభై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఈ యార్డు తప్ప మరో లోకం తెలియదు. ఆ కాగితం మీద సంతకం పడితే రేపటినుంచి తను ఎక్కడ కూర్చుని టీ తాగాలో కూడా తెలియదు.

ఆ పంపు సంగతి కొంచెం చెప్పాలి. పొగలోని విషాన్ని విరగ్గొట్టడానికి కొత్త యంత్రాలు యూరియా నీళ్ళు తాగుతాయి. ఆ నీళ్ళను ట్యాంకులోంచి తోడి పొగగొట్టంలోకి పంపే పంపు లోడరు వెనకవైపు, మెట్టు పక్కన, చిన్న తలుపు చాటున ఉంటుంది. అది పనిచెయ్యడం లేదని తెలిస్తే చాలు, ఇంజిను అలిగి మనిషి నడిచే వేగానికి దిగిపోతుంది.

గేటు దగ్గర తురాన్ తల్లి హాజెర్ అవ్వ జగ్గుతో సిద్ధంగా ఉంది. బయల్దేరేవాళ్ళ వెనకాల నీళ్ళు పోస్తే నీళ్ళలాగే సాఫీగా వెళ్ళి సాఫీగా తిరిగొస్తారని ఆ ఊళ్ళో అందరూ పోస్తారు. అవ్వ మాత్రం మనుషులకీ యంత్రాలకీ తేడా చూపించదు. మొన్నటిదాకా జగ్గు మూత వదులై, గేటు చేరేలోగా సగం నీళ్ళు ఆమె చెప్పుల్లోనే పోయేవి. పోయిన వారం నెజ్మి ఆ మూత బాగుచేసి ఇచ్చినప్పటినుంచి చుక్క వృథా కావడం లేదు. పంపు బాగయ్యాక మొదటిసారి లోడరు గేటు దాటుతుండగా అవ్వ జగ్గంతా దాని వీపు మీద నిండు మనసుతో కుమ్మరించింది.

ఇరవై నిమిషాలకు డ్రైవరు రెజాయి ఫోన్ చేశాడు.

"ఉస్తా, పసుప్పచ్చ హెచ్చరిక దీపం వెలిగింది. యూరియా పంపు అంటోంది. ఇప్పుడే ఒక గాడిద నన్ను దాటుకుని పోయింది. పోతూ పోతూ వెనక్కి తిరిగి చూసింది కూడా."

లోడరు పాక్కుంటూ తిరిగొచ్చి షెడ్డులో పొయ్యి పక్కన ఆగింది. నెజ్మి పద్ధతి ప్రకారం మొదలుపెట్టాడు. ట్యాంకు నిండుగా ఉంది. ఫిల్టరులో తెల్ల గడ్డలు లేవు. గొట్టాలు ఎక్కడా నలగలేదు. అరగంట తర్వాత ఇంజిను వేసి, స్క్రూడ్రైవరు ఒక కొన పంపుకీ రెండో కొన చెవికీ ఆనించి విన్నాడు. పంపు హాయిగా గురగురలాడుతోంది. దీపం ఆరిపోయింది.

"తాళం తిప్పి ఇంజిను ఆపాక పంపు రెండు నిమిషాలు గొట్టంలో నీళ్ళు వెనక్కి లాక్కుంటుంది రెజాయి. నువ్వు అది ఆగకముందే బ్యాటరీ స్విచ్చి కట్టేసుంటావు."

"లేదు ఉస్తా. ఒక సిగరెట్టు మొత్తం కాల్చాకే కట్టేస్తా."

"అయితే ఆ దగ్గు అందుకేనన్నమాట. పో, ఇక ఆగదు."

లోడరు మళ్ళీ బయల్దేరింది. ఇంత తొందరగా వెనక్కి రావడం మంచిది కాదనుకున్న అవ్వ ఈసారి రెండు జగ్గులు పోసింది. బండి రొట్టెల కొట్టు దాకా కూడా పోకుండానే షెడ్డుకి తిరిగొచ్చింది.

నెజ్మి ఈసారి యూరియా నీళ్ళను అనుమానించాడు. ట్యాంకు మొత్తం ఖాళీ చేసి కొత్త క్యాను విప్పి పోశాడు. మధ్యలో పెట్రోలు బంకువాడికి ఫోన్ చేసి కల్తీ సరుకు అమ్ముతున్నావని కడిగేశాడు. ఇరవై ఏళ్ళుగా స్నేహితుడైన ఆ మనిషి ఠక్కున ఫోను పెట్టేశాడు. ఈలోగా కొండమీది ఊరి పెద్ద తురాన్‌కు ఫోన్ చేశాడు.

"ఏం తురాన్, కొండచరియ ముందు కుర్చీలేసుకుని కూర్చున్నాం. మేళం కూడా పిలిపించాం. డోలువాడు చలికి ఆగలేక వాయిస్తూనే ఉన్నాడు. మీరొచ్చేది ఈ శీతాకాలమేనా?"

తురాన్ నెజ్మి వైపు చూడకుండా ఎర్జురుమ్‌కు ఫోన్ చేశాడు. మధ్యాహ్నానికి ఓనుర్ అనే ఇస్త్రీ నలగని కుర్రాడు కంప్యూటరుతో దిగాడు. అప్పటికి షెడ్డు వెచ్చదనంలో లోడరు పెళ్ళికొడుకులా ఉంది. "బండికి ఏ లోపం లేదండీ" అని ఓనుర్ తేల్చాడు. లోడరు కదిలింది. అవ్వ ఇక మొహమాటపడలేదు. జగ్గు పోసి, వెంటనే బకెట్టు కూడా ఎత్తి పోసింది. లోడరు గేటు అవతలే ఆగిపోయింది.

ఓనుర్ మళ్ళీ కంప్యూటరు తగిలించాడు. "పంపు కరెంటులో లోపమండీ. కొత్త పంపు వెయ్యాలి. రావడానికి మూడు వారాలు పడుతుంది." తురాన్ జేబులోంచి కాగితం తీసి, కలం కోసం ఇంట్లోకి వెళ్ళాడు.

నెజ్మి షెడ్డులోకి వెళ్ళి, పెద్ద పానా గుడ్డతో తుడిచి మేకుకి తగిలించాడు. ఆ పానాను తన చేత్తో తగిలిస్తానని అతను ఏనాడూ అనుకోలేదు. అంతలో అవ్వ టీ గ్లాసుతో, జగ్గుతో వచ్చి పక్కన కూలబడింది.

"ఒరేయ్ నెజ్మీ, నా నీళ్ళలో ఏం లోపం వచ్చిందంటావురా? పోసేకొద్దీ వెనక్కొస్తోంది. చిన్న తలుపుంది చూడు, సరిగ్గా దాని మీదే పోశా, ఒక్క చుక్క పక్కకి పోనివ్వలేదు."

నెజ్మి గ్లాసు కింద పెట్టాడు. తలుపు మీద నీళ్ళు పడితే ఏమవుతుంది, పంపు మూత కింద రబ్బరు రింగు ఉంటుంది కదా అనుకున్నాడు. అనుకుంటూనే జగ్గు వైపు చూశాడు. మూత కింద అరచేయంత ఆకుపచ్చ రింగు నిగనిగలాడుతోంది.

యంత్రాలు విప్పి బిగించాక ఒకటో రెండో భాగాలు మిగలడం నెజ్మికి అలవాటే. తయారుచేసేవాళ్ళు లెక్కకు మించి పెడతారని అతని సిద్ధాంతం. పోయిన వారం పంపు బిగించాక మిగిలిన రింగు అవ్వ జగ్గుకు అచ్చంగా సరిపోతే ఎంత మురిసిపోయాడో గుర్తొచ్చింది. మూత సందుల్లోంచి నీళ్ళు దిగి వైర్లు తడవడం, పొయ్యి పక్కన ఆరిపోవడం, మళ్ళీ తడవడం. పొద్దుటినుంచి జరిగిందంతా అదే. అతనికి ముప్పై ఏళ్ళలో ఎన్నడూ వెయ్యనంత సిగ్గు వేసింది.

"అవ్వా, ఆ జగ్గు ఒకసారి ఇటివ్వు."

అవ్వ జగ్గునీ, అతని మొహాన్నీ మార్చి మార్చి చూసింది. "ఓహో" అంది. ఇంకేం అడగకుండా మూత తీసి ఇచ్చింది.

నెజ్మి మేకు మీది పానా అందుకుని గేటు బయటికి పరుగెత్తాడు. వైర్లు ఆరబెట్టి, రింగు పెట్టి, మూత బిగించడానికి పావుగంట పట్టింది. దీపం ఆరిపోయింది. అవ్వ అలవాటు తప్పకుండా జగ్గు నింపుకొచ్చి పోసింది, సగం మునుపటిలాగే చెప్పుల్లో పోగా. లోడరు వెనక్కి చూడకుండా కొండెక్కింది.

మూడింటికి ఊరి పెద్ద ఫోను చేసి దారి తెరుచుకుందన్నాడు, వెనకాల డోలు చప్పుడు హోరెత్తుతోంది. తురాన్ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో వేశాడు.

"కంప్యూటరుకే దొరకనిది పట్టుకున్నారు ఉస్తా. మీరు లేకపోతే ఈ యార్డే లేదు."

ఓనుర్ కూడా పుస్తకం తెరిచి, "ఎలా కనిపెట్టారండీ?" అని వినయంగా అడిగాడు. నెజ్మికి చెవులు ఎర్రబడ్డాయి. "తురాన్ బాబూ, నేనొక మాట చెప్పాలి..." అని మొదలుపెట్టాడు.

"మాటలు తర్వాత" అంది అవ్వ, తడిసిన చెప్పులు చూపిస్తూ. "చిన్నప్పుడు మా తురాన్‌కి సైకిలు నేర్పినప్పుడు ఎన్నిసార్లు పడేశావో కూడా ఇవాళే చెప్తావా ఏంటి? ముందు నా జగ్గు సంగతి చూడు."

మర్నాటికల్లా జగ్గుకి ఇంకో రింగు దొరికింది, ఇప్పుడు చుక్క కారడం లేదు. యార్డులోని పాత రోడ్డు రోలరు మాత్రం ఎందుకో కొంచెం నూనె కారుస్తోంది.