రెండో తూటా

ఆ రోజుకి మల్లికార్జునరావు వేసుకున్న పథకంలో కష్టమైన పని ఒక్కటీ లేదు. కాఫీ తాగాలి, స్నానం చేయాలి, పిస్టల్‌లోంచి తూటాలు తీసేయాలి, మధ్యాహ్నం లోపల దాన్ని పోలీస్ స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకోవాలి. ఎన్నికల కోడ్ వచ్చిందంటే లైసెన్సు ఆయుధాలున్న వాళ్లు ఎన్నికలయ్యేదాకా వాటిని స్టేషన్లో పెట్టాల్సిందే. హెడ్ కానిస్టేబుల్ గురవయ్య పొద్దున్నే ఫోన్ చేసి మరీ చెప్పాడు.

"ఈ రోజే ఆఖరు సార్. సాయంత్రం దాటితే లైసెన్సు రద్దుకు రాసి పంపిస్తారు. ఇంకో మాట, ఖాళీ చేసి తేవాల. లోపల తూటా ఉంటే మేం తీసుకోం."

"దానికేముంది గురవయ్యా. నువ్వు టిఫిన్ తిని వచ్చేలోపల నీ ముందర పెడతా" అన్నాడు మల్లికార్జునరావు ధీమాగా.

కాఫీ వరకు అంతా అనుకున్నట్టే జరిగింది.

పిస్టల్ కొత్తది. అరచేతిలో ఇమిడిపోయే చిన్న రకం. మార్కాపురంలో పలకల వ్యాపారులు చాలామందే ఉన్నారు గానీ, నడుముకి పిస్టల్ పెట్టుకుని పెళ్లిళ్లకి వెళ్లే పలకల వ్యాపారి ఆయన ఒక్కడే. అందరూ అది దర్జా కోసమనుకున్నారు. అసలు సంగతి వేరు. గిద్దలూరులో అత్తగారింటి పెళ్లి చూసుకుని భార్యతో కారులో వస్తుంటే, ఒకసారి కొండ దిగువన ఇద్దరు కత్తి చూపించి కారు ఆపారు. మల్లికార్జునరావు దిగి రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. సంచి ఇచ్చాడు, గడియారం ఇచ్చాడు, వాళ్లు అడక్కపోయినా కళ్లజోడు కూడా తీసి ఇచ్చాడు. పక్క సీట్లోంచి కోటిరత్నం అంతా చూసింది. ఇంటికొచ్చాక ఆ విషయం ఒక్క మాట ఎత్తలేదు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఎత్తలేదు. తిట్టినా బాగుండేదని ఆయనకి ఎన్నిసార్లు అనిపించిందో. భార్య ముందర పోయిన పరువు తిరిగి తెచ్చుకోవడానికి కలెక్టరాఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగి సంపాదించిన లైసెన్సు అది. అది పోతే ఆయనకి మిగిలేది మళ్లీ ఆ దండమే.

అట్లాంటి పిస్టల్‌కి ఒక జబ్బు ఉంది. మొదటి తూటా బుద్ధిగా లోపలికి పోతుంది. రెండోది సగం దూరం వచ్చి, ముక్కు పైకెత్తి, అక్కడే ఆగిపోతుంది. తలుపు గడియ వేసుకుని ఎన్నిసార్లు ప్రయత్నించినా అంతే. అమ్మిన దుకాణానికి ఫోన్ చేస్తే, "తూటాలు పెట్టే మ్యాగజైన్లో ఏమైనా పడిందా సార్?" అని అడిగారు. "పసిపిల్లలున్న ఇల్లు కాదయ్యా మాది" అని కసిరి పెట్టేశాడు. ఈ సంగతి కోటిరత్నానికి మాత్రం చెప్పలేదు. దండం పెట్టిన మొగుడు తెచ్చిన పిస్టల్ కూడా పనిచేయదని తెలిస్తే ఇంకేమైనా ఉందా?

ఆ పొద్దున ఖాళీ చేద్దామని కూర్చుంటే మొదటి తూటా ఊడి మంచం మీద పడింది. రెండోది అలవాటు ప్రకారం అడ్డం తిరిగింది. ఈసారి గట్టిగా లాగేసరికి పైన ముందుకీ వెనక్కీ జారే స్లైడ్ సగంలో బిగుసుకుపోయింది. కింద మ్యాగజైన్ ఊడి రానంది. అటు మూసుకోదు, ఇటు తెరుచుకోదు.

అంతలో కోటిరత్నం తలుపు తట్టింది. "ఏమండీ, గడియేసుకుని ఏం చేస్తా ఉన్నారు?"

"పిస్టల్ శుభ్రం చేస్తా ఉన్నా."

"శుభ్రమా? ఇప్పుడెందుకండీ? బాగానే ఉంది గదా" అంది కోటిరత్నం, అదోలాంటి గొంతుతో. తర్వాత ఏదో చెప్పబోయి మానేసి, "సరేలే, నేను చెన్నకేశవస్వామి గుడికి పోయొస్తా" అని వెళ్లిపోయింది. ఆ గొంతులో అనుమానం ఉందనుకున్నాడు మల్లికార్జునరావు. పిస్టల్ సంగతి పసిగట్టిందనుకుని మరింత కుంగిపోయాడు.

వెంటనే గిద్దలూరులో ఉన్న బావమరిది యోగేష్‌కి ఫోన్ చేశాడు. యోగేష్ బోరు మోటార్ల దుకాణం నడుపుతాడు. బండి మీద ఎగిరొచ్చి, పిస్టల్‌ని అటూ ఇటూ చూసి, చెవి దగ్గర పెట్టుకోబోతే బావ చేయి పట్టుకుని ఆపాడు.

"ఎయిర్ లాక్ అయినట్టుంది బావా" అన్నాడు యోగేష్.

"దీంట్లో నీళ్లు లేవు గదరా!"

"సూత్రం ఒకటే బావా. కింద నుంచి పైకి రావాల్సింది రావడం లేదు. మా మోటార్లకీ అదే రోగం." ఫోన్లో వీడియోలు వెతికాడు. "ఇదో, కొత్త పిస్టళ్లకి ఇది మామూలేనంట. ఒక రెండొందల తూటాలు కాలిస్తే అదే సర్దుకుంటాదంట."

"నాకిచ్చిందే ఒక చిన్న డబ్బా. అది సర్దుకునేసరికి నేను పోతానురా."

కుట్టుమిషను నూనె పోశారు. నూనె పిస్టల్ లోపలికి పోలేదు గానీ మల్లికార్జునరావు తెల్ల పంచె మీదికి బాగా పోయింది. యోగేష్ ఆలోచించి ఆలోచించి అసలు కారణం కనిపెట్టాడు. "పలక పొడి బావా! మీ ఊళ్లో అది పాలల్లో కూడా ఉంటాది. లోపలంతా పేరుకుపోయింటాది. ఫ్యాక్టరీలో కంప్రెసర్ ఉంది గదా, గాలి కొడితే ఒక్క దెబ్బకి పోతాది."

ఆ మాట మల్లికార్జునరావుకి నచ్చింది. నీళ్లలో మునిగేవాడికి ఏ మాటైనా నచ్చుతుంది. స్లైడ్ తెరుచుకుని ఉండడంతో పిస్టల్ నడుముకి పెట్టుకోవడం కుదరలేదు. దాన్ని తువ్వాలులో చుట్టి, మొన నేల వైపు పెట్టి, రెండు చేతులతో పట్టుకుని యోగేష్ బండి వెనక కూర్చున్నాడు. బజారులో గాలికి తువ్వాలు జారింది. పంచె మీద నల్లని మరకలు, చేతిలో పిస్టల్, ముఖం చూస్తే ఏడుపు. పలకరించబోయిన వాళ్లు పలకరింపు మింగేసి పక్కకి తప్పుకున్నారు.

ఫ్యాక్టరీలో పరిస్థితి అసలే బాగాలేదు. షెడ్డులోంచి దుమ్ము లాగే ఫ్యాన్లు పెట్టించమని ముందు రోజే పనివాళ్లు పని ఆపి అడిగారు. పుల్లలచెరువు నుంచి వచ్చి మేస్త్రీగా స్థిరపడిన పెద్దయ్య అందరి తరఫునా మాట్లాడాడు. మల్లికార్జునరావు జవాబు చెప్పకుండా విసురుగా వెళ్లిపోయాడు. ఇప్పుడు అదే మనిషి పిస్టల్ పట్టుకుని గేటు లోపలికి వచ్చాడు.

"పెద్దయ్యా, యాడున్నావ్? ఇట్ల రా!" అని కేకేశాడు. కంప్రెసర్ తాళం పెద్దయ్య దగ్గరుంటుంది మరి.

పెద్దయ్య రాలేదు. పలకల దొంతర వెనక్కి పోయి, అక్కడి నుంచే రెండు చేతులూ జోడించాడు. "సారూ, ఫ్యాన్లు వద్దు సారూ! దుమ్ముతోనే బతుకుతాం! పిల్లలుగలోణ్ణి!"

ఆ జోడించిన చేతులు చూసి మల్లికార్జునరావు ఆగిపోయాడు. ఆ దండం ఆయనకి బాగా తెలుసు. అది తనదే. తన ముందర ఇంకో మనిషి అట్లా నిలబడతాడని ఆయన కలలో కూడా అనుకోలేదు. "అది కాదయ్యా" అంటూ నచ్చజెప్పడానికి ఒక అడుగు ముందుకేశాడు, పిస్టల్ చేతిలో పెట్టుకునే.

అప్పుడే అవతలి గదిలోంచి పనిచేసే కొండమ్మ, ఇంకో ఆమె చెక్క మీద బడి పలకలు మోసుకొస్తున్నారు. యజమానినీ, పిస్టల్‌నీ చూసి ఇద్దరూ ఒకేసారి చెక్క వదిలేశారు. పలకలు బండల మీద పడ్డాయి. రేకుల షెడ్డులో ఆ చప్పుడు వరసగా కాల్పులు జరిగినట్టే మోగింది. పనివాళ్లు గోడ దూకి పారిపోయారు. బయట ఆటోలు వెనక్కి తిరిగాయి.

మార్కాపురంలో కబురుకి బండి అక్కర్లేదు. ఫ్యాక్టరీలో కాల్పులని ఆటోస్టాండులో అన్నారు. పూల కొట్టు దగ్గరికి వచ్చేసరికి మేస్త్రీ పోయాడు. గుడి మెట్ల దగ్గర కోటిరత్నం చెవిన పడేసరికి మల్లికార్జునరావు మేస్త్రీని కాల్చి తనని తాను కాల్చుకున్నాడు.

ఇవతల కాల్చుకోని మల్లికార్జునరావు పలక ముక్కల మధ్య స్టూలు మీద కూలబడి ఉన్నాడు. గురవయ్య ఇద్దరు కానిస్టేబుళ్లతో జీపు దిగాడు.

"ఏంది సార్ ఇది? కోడ్ ఉన్నప్పుడు కాల్పులా? ఎస్సై గారికి అప్పుడే పైనుంచి ఫోన్లు. మీ లైసెన్సు సంగతి వదిలెయ్యండి, కేసు కాకుండా ఉంటే చాలు."

"పేలలేదయ్యా! అవి పలకలు! ఈ దరిద్రం అసలు పేలదు!" మల్లికార్జునరావు గట్టిగా అరిచాడు. "కొన్నాక ఒక్కసారి కూడా పేలలేదు. రెండో తూటా లోపలికి పోదు. అందరికీ చెప్పుకో పో. నా పిస్టల్ పనిచేయదు. చాలా?"

దాచుకున్నదంతా నడిబజారులో పడ్డట్టయింది. ఊరంతా గేటు దగ్గర నిలబడి విన్నది. బతికి ఏం సుఖమనిపించింది ఆయనకి.

"పేలనిదైతే ఎందుకు పేలదో రాయాల గదా సార్. వట్టి మాట మీద ఎస్సై గారు నమ్మరు" అంటూ గురవయ్య పిస్టల్ తీసుకుని, గోడ వైపు తిప్పి, మ్యాగజైన్ పట్టుకుని గుంజసాగాడు.

సరిగ్గా అప్పుడు కోటిరత్నం ఆటో దిగి, జుట్టు విరబోసుకుని, "ఏమండీ!" అని ఏడుస్తూ లోపలికి పరిగెత్తుకొచ్చింది. స్టూలు మీద మొగుడు కూర్చుని ఉన్నాడు. వెనక నుంచి చచ్చిపోయిన పెద్దయ్య లోటాతో మంచినీళ్లు తెస్తున్నాడు. ఆమె ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మొగుడి భుజాలూ తలా తడిమి, ఏడుపు మింగుకుంది. అప్పుడు గురవయ్య చేతిలోది కనబడింది.

"అన్నా, అన్నా! చెప్పులు విప్పి పట్టుకో! అందులో అక్షింతలు ఉండాయి!"

గురవయ్య అయోమయంగా బూట్ల వైపు చూసుకున్నాడు. అదే ఊపులో మ్యాగజైన్ ఊడొచ్చింది. దాన్ని అరచేతిలో బోర్లించి తట్టాడు. తూటాల వెంట పచ్చని ముద్ద ఒకటి పడింది. పసుపు, నెయ్యి, బియ్యం గింజలు, అన్నీ కలిసి గట్టిపడిపోయి ఉన్నాయి.

"అక్కా, ఏంది ఇది?" అన్నాడు యోగేష్. మోటార్లలో అతను ఇట్లాంటిది ఎప్పుడూ చూడలేదు.

"దసరాకి ఆయుధపూజ చేస్తాం గదరా. త్రాసుకి, లారీకి, అన్నిటికీ చేసినట్టే దీనికీ చేసినా. బొట్టు పెడితే మీ బావ తుడిచేస్తాడని, కనపడకుండా లోపల నాలుగు అక్షింతలు వేసినా. తర్వాత ప్రతి శుక్రవారం వేస్తానే ఉన్నా."

"ప్రతి శుక్రవారమా!" మల్లికార్జునరావు లేచి నిలబడ్డాడు. "నా ప్రాణం తీసినావు గదే! దీనికోసం నేనెంత ఏడ్చినానో నీకు తెలుసా? అసలిది ఎందుకు కొన్నానో తెలుసా?"

"తెలుసు" అంది కోటిరత్నం. "కొండ దిగువన మీరు దండం పెట్టబట్టే మనిద్దరం ఇంటికొచ్చినాము. నేను ఆ రోజే స్వామికి మొక్కుకున్నా, ఇట్లాంటి బుద్ధి గల మనిషికి ఎప్పుడూ ఆపద రానియ్యొద్దని. మీరేమో పిస్టల్ తెచ్చినారు. ఇంక ఏం చేసేది?"

మల్లికార్జునరావు మళ్లీ స్టూలు మీద కూర్చున్నాడు. ఇన్నాళ్లూ ఆమె మౌనంలో తను చదువుకున్నదంతా తప్పేనన్నమాట. ఏడవాలో నవ్వాలో తెలియక ముక్కు చీదుకున్నాడు.

గురవయ్య ఆ ముద్దని కాగితంలో పొట్లం కట్టి, ఎస్సైకి ఫోన్లో చెప్పాడు. "సార్, తూటాలన్నీ ఉన్నాయి. నాళంలో పేలిన గుర్తు లేదు. మ్యాగజైన్ నిండా అక్షింతలు సార్. అవును సార్, పెళ్లిలో వేసేవే. ఈ పరిస్థితిలో అది దేవుడొచ్చినా పేలదు సార్." అవతల చాలాసేపు నవ్వు వినిపించింది. కేసు లేదు, లైసెన్సు పోలేదు. సాయంత్రం లోపలే పిస్టల్ స్టేషన్లో చేరింది.

షెడ్డుకి ఆ వారంలోనే ఫ్యాన్లు వచ్చాయి. ఎన్నికలయ్యాక పిస్టల్ తుడిచి మెరిపించి తిరిగిచ్చారు. ఇప్పుడు రెండో తూటా కూడా చక్కగా లోపలికి పోతోంది. మల్లికార్జునరావు ఒకటికి రెండుసార్లు పరీక్షించి చూసుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన శుక్రవారం పొద్దున అక్షింతల గిన్నె తానే తెచ్చి కోటిరత్నం ముందు పెట్టి, ఈసారి నెయ్యి కొంచెం ఎక్కువ కలపమన్నాడు.