ఓదెలు చెప్పులు ఫైనల్‌కు పోయిన సంగతి

చదివే పెద్దలు ముందుగా మన్నించాలి. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎంత లాగాలో నాకు ఇప్పటికీ సరిగా తేలదు. అరవై దాటాక దిద్దిన చెయ్యి ఇది. ఒక్కో వాక్యానికి ఒక పూట పడుతుంది. కథ మొదట్లో ఎండగా ఉండి చివరికి ముసురు పట్టినట్టుంటే అది కథలో తప్పు కాదు, నా ఆలస్యం.

ఓదెలు చనిపోయిన మరునాడు అతని చెప్పులు టికెట్ల లైన్లో మూడు అడుగులు ముందుకు జరిగాయి. లైన్ మేస్త్రీ యాకూబ్ ఆ సంగతి పుస్తకంలో రాసుకుని, తర్వాత ఓదెలు ఇంటికి పరామర్శకు వచ్చాడు.

"మదునక్కా, పెద్దమనిషి పోయిండని తెల్సింది. మంచోడు," అన్నాడు గడపలో కూర్చుని. "చెప్పులు మాత్రం బాగున్నయి. ఇయ్యాల నూటపదకొండో నంబర్ల ఉన్నయి."

ఓదెలు భార్య మదునమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. నిన్న నూటపద్నాలుగు. అంత ఏడుపులోనూ ఆమెకు కాస్త నిమ్మళమనిపించింది.

ఆ బొగ్గుబాయిల ఊళ్లో మనుషులు లైన్లలో నిలబడడం మానేసి చాలా ఏళ్లయింది. మొదట్లో ఎండకు తాళలేక చెప్పులు విడిచి నీడకు పోయేవాళ్లు. ముందున్నవి జరిగినప్పుడు లేచి వచ్చి, కాలితో తమ చెప్పుల్ని నెట్టి మళ్లీ నీడకు పోయేవాళ్లు. కొన్నాళ్లకు, నెట్టేవాళ్లు రావడం ఆలస్యమైతే చెప్పులే జరగడం మొదలుపెట్టాయి. దాన్ని ఎవరూ వింతగా చెప్పుకోలేదు. నడవడం చెప్పులకు కొత్త విద్య కాదు గదా. ఆఫీసువాళ్లు గోడకు ఒక కాయితం అంటించారు: లైన్లో ఎవరుంటే వారే దరఖాస్తుదారు. ఉన్నది చెప్పులు కనుక అవే దరఖాస్తుదారులయ్యాయి. ఫారంలో పేరు రాసే గడి తీసేసి సైజు, అడుగు, కుట్లు అని మూడు గడులు గీశారు.

అప్పటినుంచి ఊరంతా వట్టి కాళ్లతో తిరుగుతోంది. గ్యాసుకు ఒక జత, రేషనుకు ఒక జత, పెద్దాసుపత్రికి ఒక జత. ఎవరి కాళ్లకైనా చెప్పులు కనబడితే, పాపం, ఏ లైన్లోనూ చోటు దొరకలేదేమో అని జాలిపడేవాళ్లు. ఆఫీసర్ల బూట్ల సంగతి వేరు. అవి ఏనాడూ లైన్లో నిలబడలేదు. వాటి టికెట్లు ఇంటికే పోయేవి.

ఓదెలు ముప్పై ఒక్క ఏళ్లు బాయి దిగి బొగ్గు నింపినవాడు. ఏటా కోల్‌బెల్టు కప్పు ఫుట్‌బాల్ ఫైనల్ ఆ ఊరి స్టేడియంలోనే జరిగేది. ముప్పై ఒక్క ఫైనళ్లలో ఒక్కటి కూడా అతనికి డ్యూటీ లేని పూట పడలేదు. బాయి లోపలికి పైనున్న చప్పుడు ఏదీ రాదు. మర్నాడు షిఫ్టు దిగి లాంప్ రూంలో దీపం అప్పజెబుతుంటే, ఎవరు గెలిచారో అక్కడివాళ్లు చెప్పేవాళ్లు. విని, ముఖం కడుక్కుని ఇంటికొచ్చేవాడు. రిటైరైన రోజు దండ మెడలో ఉండగానే తిన్నగా ఫైనల్ టికెట్ల లైను చివరికి పోయి చెప్పులు విడిచాడు. టైరు అడుగువి, ఎనిమిదో సైజు, ఎడమ పట్టీకి మదునమ్మ నీలం దారంతో వేసిన కుట్టు ఒకటి. కిటికీ దగ్గర రోజుకు మూడు టికెట్లు ఇస్తారు. అది తొమ్మిదేళ్ల కిందటి మాట.

ఆ తొమ్మిదేళ్లూ అన్నం తింటూ పళ్లెం పక్కన ఉల్లిపాయ ముక్కలు పేర్చి ఆమెకు ఆట చెప్పేవాడు.

"గా గోల్ జాలి ముంగట నిలబడ్డోడు ఏం జేస్తడు?" అని ఒకనాడు ఆమె అడిగింది.

"నిలబడ్తడు."

"గంతేనా?"

"గంటన్నర నిలబడ్తడే. ఒక్క గడియ కోసం."

"అయితే నీ అసొంటోడే," అని ఆమె ఆ ఉల్లిపాయ ముక్కను తీసి అతని అన్నంలో పెట్టింది.

అతని దగ్గు కోసం మదునమ్మ తన చెప్పులను పెద్దాసుపత్రి లైన్లో పెట్టింది. వాటి వంతు అతను పోయిన నాలుగో రోజున వచ్చింది. డాక్టరు వాటిని తిరగేసి చూసి, లోపల దుమ్ము బాగా చేరిందని, వారం ముందు వస్తే బాగుండేదని చెప్పి, దగ్గు మందుకు చీటీ రాసి పట్టీ కింద దోపాడు. పని అయిపోయింది కనుక అవి ఇంటికొచ్చాయి. మదునమ్మ చీటీని దేవుడి పటం వెనక పెట్టి, చెప్పులు తొడుక్కోబోతే పాదం పట్టలేదు. ఏళ్ల తరబడి వట్టి కాళ్లతో నడిచి నడిచి వెడల్పయింది. మడమ రెండు వేళ్ల మేర బయటే ఉంది. వాటిని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టింది.

పదకొండో దినానికి జంగమయ్య శంభులింగం వచ్చాడు. పోయినవాడి గొడుగు, చెంబు, చెప్పులు దానం ఇవ్వాలి. చెప్పులు ఇస్తే తప్ప యముని తొవ్వలో ముళ్ల మీద అతని అడుగు పడదు. మదునమ్మ గొడుగూ చెంబూ తెచ్చి పెట్టి, చెప్పులు లైన్లో ఉన్నాయి, పోయి తెస్తానంది.

"తేకమ్మా, తేకు!" జంగమయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "ఉన్నకాడ్నే ఉండనీ. నోటితోని ఇచ్చిన అంటే చాలు. ఎన్నో నంబరు ఇప్పుడు?"

"ఎనబై ఒకటి."

అతను కళ్లు మూసుకుని శివా అన్నాడు. అతని సొంత చెప్పులు అదే లైన్లో నాలుగు వేల నంబరు దాటి ఉన్నాయి. దానం పట్టినవాడిదే చోటని ఆఫీసులో ముందే కనుక్కుని వచ్చాడు. మదునమ్మకు చదువు లేకున్నా ఇది అర్థమైంది.

"ఇయ్యకపోతే ఏమైతది అయ్యా?"

"ఏమైతదా? చెప్పుల్లేక నడువలేడు. గడపకాడనే నిలబడి ఉంటడు."

"ఎన్నొద్దులు?"

"ఇచ్చినదాక."

ఆమె గడప వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు, లేదా ఉన్నారు. "నిలబడనీ అయ్యా," అంది. "నిలబడుడు ఆయనకు కొత్త గాదు. మ్యాచ్ అయినంక ఇస్త."

ఈ మాట ఊరంతా పాకింది. మరునాటినుంచి దానం పట్టడానికి మనుషులు రాసాగారు. హెడ్మాస్టరు వచ్చాడు. యూనియన్ నాయకుడు, దానాలు మూఢనమ్మకమని ముప్పై ఏళ్లు గేటు మీటింగుల్లో చెప్పినవాడు, తలకు తుండు చుట్టుకుని, చెయ్యి చాచుకుని వచ్చాడు. ఏ తరంలోనూ ఒకరి దగ్గర చెయ్యి చాచని ఇళ్లవాళ్లు వచ్చి పాతబడ్డా పరవాలేదన్నారు. ఎవరూ పట్టుకుపోకుండా మదునమ్మ టిఫిన్ డబ్బా కట్టుకుని వెళ్లి లైన్లో చెప్పుల పక్కనే కూర్చుంది.

ఎవరో అర్జీ కూడా పెట్టారు, చనిపోయినవాడికి టికెట్ ఎలా ఇస్తారని. గుమాస్తా విచారణకు లైన్లోకి వచ్చాడు.

"పోయిందెవరు?"

"ఓదెలు," అన్నారు వెనకనుంచి.

"ఆ పేరు మా దగ్గర లేదు." అతను వంగి రిజిస్టరుతో సరిచూశాడు. "ఎనిమిదో సైజు, టైరు అడుగు, కుట్టు ఒకటి. దరఖాస్తుదారు క్షేమంగానే ఉన్నారు." అర్జీ కొట్టేశారు.

ఓదెలుతో కలిసి బాయి దిగిన మొగిలి చెప్పులు సరిగ్గా వెనక జతే. అతను రోజూ వచ్చి వాటికి దుమ్ము దులిపి పోయేవాడు. "సూడు వదినా, బతికున్నన్ని దినాలు బాయి దిగుట్ల నాకంటె ముందే. సచ్చినా నా ముందే ఉన్నడు," అని ఓదెలు చెప్పులను వేలితో ఒక్కటి కొట్టేవాడు. తర్వాత వాటికీ దుమ్ము దులిపేవాడు.

లైను స్టేడియం గోడ వెంట సాగేది. రోజుకు మూడు అడుగుల గోడ. ఊరికే కూర్చోలేక మదునమ్మ గోడ మీద రాతలు చూపించి ఇదేందని యాకూబ్‌ను అడిగేది. అతను లైను లెక్క అయ్యాక పుల్లతో మట్టిలో ఆ అక్షరం గీసి చూపేవాడు. ఆమె తన బతుకులో మొదట చదివిన వాక్యం "ఇచట మూత్రము పోయరాదు". రెండోది ఎన్నికల హామీ. మొదటిదాన్ని ఎవరూ వినలేదని వాసనే చెబుతోంది. రెండోదాని సంగతి యాకూబ్ చెప్పాడు.

ఓదెలు పోయిన ముప్పై ఏడో రోజున చెప్పులు కిటికీ దగ్గరికి చేరాయి. గుమాస్తా టికెట్ చింపి, నీలం దారం ఉన్న పట్టీ కింద జాగ్రత్తగా దోపాడు.

"సారూ, నేను గూడ పోవచ్చునా?" అని మదునమ్మ అడిగింది.

"మీరెవరు?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. భార్యనంటే ఎవరికి అని అడుగుతాడు. "గా కుట్టు వేసినదాన్ని."

అతను రిజిస్టరు ఆ చివరినుంచి ఈ చివరిదాకా చూశాడు. చూడకుండా లేదనలేదు, అంత మర్యాద అతనిది. "కుట్లకు గడి ఉందమ్మా. కుట్టినవారికి లేదు. కాకపోతే, దరఖాస్తుదారును తొడుక్కుని వచ్చే మనిషిని ఆపమని రూలు కూడా లేదు. పాదం పట్టాలి. మడమ బయటికి రాకూడదు. అందరూ తొడిగి చూస్తూనే ఉన్నారు."

మ్యాచ్ రోజున గేటు దగ్గర ఆ చూడడం ఆమె కళ్లారా చూసింది. టికెట్ దొరికిన చెప్పుల పక్కన వాటి మనుషులు నేల మీద కూర్చుని పాదాలు తోస్తున్నారు. కొందరు ఆముదం రాశారు. ఒకాయన వారం రోజులుగా పాదానికి గుడ్డ బిగించి కట్టుకుని ఉన్నాడట. గేటువాడు టేపు పెట్టి చూసి తల అడ్డంగా ఊపుతున్నాడు.

"ఇవి నావేనయ్యా!" అని మొగిలి మొత్తుకున్నాడు.

"మీవే. కాదన్నదెవరు? మీ కాలే వీటిది కాదు."

మొగిలి కాసేపు తన మడమను చూసుకుని, లేచి చెప్పులను గేటు వైపు తిప్పి పెట్టాడు. "మంచిగ సూసి రాండ్రి," అన్నాడు మెల్లగా. అవి లోపలికి పోయాయి.

మదునమ్మ ఓదెలు చెప్పుల్లో పాదాలు పెట్టింది. కొత్త పెళ్లికూతురిగా ఉన్నప్పుడు ఒకసారి వాటిలాంటి జతే సరదాకు తొడుక్కుంటే పడవల్లో నిలబడ్డట్టయింది, ఓదెలు పడీ పడీ నవ్వాడు. ఇప్పుడు పట్టీ ఒదిగింది, బొటనవేలు అతని బొటనవేలి గుంటలోనే కూర్చుంది, మడమ అంచు దాటలేదు. గేటువాడు రెండుసార్లు కొలిచాడు. తర్వాత లేచి నిలబడి దారి ఇచ్చాడు.

లోపల గ్యాలరీ నిండా చెప్పులు. ముందు వరసల్లో నల్లగా మెరుస్తున్న బూట్లు, వెనక లైన్లోంచి వచ్చినవి, జత పక్కన జత, అన్నీ మైదానం వైపు తిరిగి. మనిషి ఆమె ఒక్కతే. ఆరో బాయి జట్టుకూ వర్క్‌షాపు జట్టుకూ ఆట. ఈల మోగగానే ఉల్లిపాయ ముక్కలన్నీ లేచి పరుగెత్తినట్టు ఆమెకు అన్నీ తెలిసిపోయాయి. గోల్ పడ్డప్పుడల్లా చెప్పులు ఒకదానికొకటి కొట్టుకుని, దుమ్ము లేచింది. ఆమె కాళ్ల కిందివి కూడా ఎగిరాయి, ఆమెను కూడా తీసుకుని. కింద పడి, పమిట సర్దుకుని, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసి, మళ్లీ కూర్చుంది.

ఆమె ఎక్కువగా జాలి ముందున్నవాణ్నే చూసింది. ఆరో బాయివాడు. గంటకు పైగా అతనికి పనే పడలేదు. ఊరికే నిలబడి, గ్యాలరీ వైపు చూసి, అక్కడ ఒక ముఖం కనబడేసరికి ఉలిక్కిపడ్డాడు. పాపం, ఏనాడూ ఎవరూ చూడలేదేమో. "నిలబడు బిడ్డా, వస్తది!" అని ఆమె గట్టిగా అరిచింది. చివరికి వచ్చింది. వర్క్‌షాపువాడు తన్నిన బంతి మూలకు పోతుంటే అడ్డం పడి పట్టుకుని, పొట్టకు హత్తుకుని అలాగే పడుకున్నాడు. మదునమ్మ వంగి ఎడమ చెప్పు పట్టీ మీద చెయ్యి వేసింది. "చూసినవా?" అంది.

బయట జనమంతా వట్టి కాళ్లతో ఎదురుచూస్తున్నారు. ఏటా చెప్పులు వచ్చేవి గాని సంగతి చెప్పేవి కావు. మర్నాడు పేపర్లో రావలసిందే. మొగిలి అందరికంటే ముందున్నాడు.

"ఎవలు గెలిచిండ్రు వదినా?"

"ఆరో బాయోళ్లు. ఒకటి ఎక్కువ."

విన్నారు. తలలూపారు. షిఫ్టు దిగినట్టు ఎవరిళ్లకు వాళ్లు బయల్దేరారు.

మ్యాచ్ చూసిన చెప్పులు ఎప్పటిలాగే ఇంకో ఫైనల్ కోసం లైను చివరికి నడిచాయి, ఆసుపత్రి, బస్టాండు, రైసుమిల్లు దాటి. మదునమ్మ దిగలేదు కనుక ఆమె కూడా నడిచింది. చివరికి చేరాక శంభులింగం ఎదురయ్యాడు.

"అయ్యా, మాట ప్రకారం ఇప్పుడిస్త. పట్టుండ్రి."

"ఎన్నో నంబరు?"

"ఇరవై వేల నూటనాలుగు."

జంగమయ్య నుదుటి విబూది సవరించుకున్నాడు. "దాన్ని నేనేం జేసుకోనమ్మా. ఆయనకే ఉండనీ," అని పక్కగా పోయాడు. ఆమె హెడ్మాస్టరుకు కబురు పెట్టింది, యూనియన్ నాయకుణ్ని అడిగింది. వాళ్లకు దానాల మీద నమ్మకం లేదట.

యాకూబ్ పుస్తకం తెరిచి సైజు, అడుగు, కుట్టు రాసుకున్నాడు. తర్వాత ఆమె పాదాలవైపు చూసి, దీనికి గడి లేదని తల గోక్కుని, అంచున చిన్న అక్షరాలతో రాశాడు. ఆమె మెడ వంచి, కూడబలుక్కుని చదివింది. "లోపల మనిషి ఉన్నది."

"ఎన్నేండ్లు పడ్తది యాకూబ్?"

"ఇరవై పడ్తదక్కా."

ఇరవై ఏళ్లంటే ఎనభై ఏడు. చూడవచ్చు. ఆమెకు ఒక్కటే దిగులు, గడప దగ్గర నిలబడ్డవాడి గురించి. కాసేపటికి అదీ తగ్గింది. యముని తొవ్వలో మాత్రం లైను ఉండదా? అక్కడ చెప్పులు విడిచి నీడకు పోనిస్తారో లేదో. ఇక్కడైతే గోడ ఉంది, టీ ఉంది, వెనకాముందూ తెలిసినవాళ్లే. మొగిలి చెప్పులు మళ్లీ వెనకే వచ్చి ఆగాయి. ఆమె పాదాలు కొంచెం పక్కకు జరిపింది, చెప్పుల్లో ఇంకొకరికి చోటిచ్చినట్టు.

మరునాడు పొద్దున ఇద్దరూ మూడు అడుగులు ముందుకు జరిగారు.

కాంపెల్లి మదునమ్మ, అరవై ఏడేళ్లు. ఇప్పుడు ఉంటున్నది: టికెట్ల లైను, పందొమ్మిది వేల ఎనిమిది వందల నాలుగో చోటు, రైసుమిల్లు వెనక గోడ. ఉత్తరం రాసేవాళ్లు నంబరు రోజూ మారుతుందని గమనించగలరు.