రెంచీలు పడనివ్వండి!

చమురు బావి దగ్గర పనిచేసే మనిషి మీద అప్పుడప్పుడూ ఓ రెంచీ పడటం చాలా మంచిది. నవ్వకండి. ఆ బావికి సేఫ్టీ ఆఫీసర్ని నేను, తెలియకుండా చెబుతానా?

ఊళ్ళో జనాన్ని చూడండి, అందరూ సెల్‌ఫోన్లలో తల దూర్చి నడిచేవాళ్ళే! మా రిగ్గు కింద, అదే, బావి తవ్వే టవరు కింద, అలాంటివాడు ఒక్కడైనా కనిపిస్తాడా? టవరు మీద ఒకడు బోల్టు బిగిస్తుంటే, కింద ఉన్నవాళ్ళంతా మెడలెత్తి ఆకాశం చూస్తుంటారు. పైగా భక్తి! సుత్తి చెవి పక్కనుంచి దూసుకుపోయినప్పుడు నాస్తికుడు కూడా దేవుణ్ణి పేరు పెట్టి పిలవడం నా చెవులారా విన్నాను. ఎక్కడినుంచి విన్నానంటారా? నా కేబిన్ కిటికీలోంచి. దానికి ఇనుప కప్పు ఉంది లెండి.

ఆ మధ్య మా బావ భుజం మీద పెద్ద రెంచీ పడింది. బావంటే మా అక్క మొగుడు. రిగ్గు కింద గొట్టాలు బిగిస్తాడు. ఎముక విరిగింది. మర్నాడు పొద్దున్నే కంపెనీ కారు ఇంటికెళ్ళి, కట్టుతో సహా ఆయన్ను తెచ్చి నా ఎదుట కుర్చీలో కూర్చోబెట్టింది. డ్యూటీకి వచ్చాడంటే దెబ్బ తగలనట్టే లెక్క! ప్రమాదాలు లేని బావి అని మాకు షీల్డు వచ్చింది ఇలాగే. ఇంట్లో పడుకుని మూలిగేకంటే ఆఫీసులో కూర్చుని మూలగడం గౌరవం కాదూ?

అక్క మాత్రం ఫోన్లో ఏడ్చింది. "చెయ్యి ఇక పైకి లేవదన్నాడ్రా డాక్టరు. ఆయన ఏం పని చేసుకు బతుకుతాడ్రా?"

కుర్చీ ఉంది కదే అన్నాను.

అంతలో పెద్ద బాసు తనిఖీకి వస్తున్నాడని కబురు. కట్టుతో ఉన్న మనిషి ఆయన కంటబడితే బాగుండదని బావను స్టోర్‌రూములో దాచాం. అక్కణ్ణుంచే కట్టలకొద్దీ తాళ్ళు బయటికి తీసి, టవరు మీద ప్రతి సుత్తికీ, ప్రతి రెంచీకీ కట్టించాం. ఆ రోజు ఒక్క మేకు కింద పడితే ఒట్టు! బాసు మెచ్చుకుని వెళ్ళాడు. ఆయన కారు గేటు దాటగానే తాళ్ళన్నీ విప్పించి, చుట్టచుట్టి మళ్ళీ స్టోర్‌లో పెట్టించాను.

బావ వాటివంక చాలాసేపు చూశాడు.

"ఇవి ఎప్పట్నుంచి ఉన్నాయిరా ఇక్కడ?"

"మొదట్నుంచీ ఉన్నాయి బావా."

"మరి రోజూ ఎందుకు కట్టరు?"

ఎంత అమాయకుడో చూడండి! "రోజూ కడితే అరిగిపోవూ?" అన్నాను.

బావ ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. తాళ్ళు మాత్రం, మీరే వచ్చి చూడండి, ఇప్పటికీ కొత్తవే!